పిల్లల చేతికి కెమేరా

మన గ్రంథాలయ పఠనమందిరమున, దినపత్రికల బల్లకు ఎదురుగా, గోడపై ఒక ఛాయాచిత్రము వ్రేలాడుచున్నది. ఇరువదియైదు సంవత్సరముల క్రిందట ఈ సంస్థ ప్రారంభమైన దినమున తీయించినది. ముందు వరుస కుర్చీలలో పెద్దలు పూలమాలలతో ఆసీనులై యున్నారు. వెనుక వరుసలో కార్యకర్తలు చేతులు కట్టుకొని నిలిచియున్నారు. పటము క్రింద వారందరి పేర్లును ఎడమనుండి కుడికి వరుసగ వ్రాయబడియున్నవి. వారి పాదముల చెంత నేలపై పదకొండుగురు పిల్లలు కూర్చుండియున్నారు. వారి పేర్లు మాత్రము లేవు.

రజతోత్సవ సన్నాహములలో ఆ పటమును దింపి దుమ్ము తుడుచుచుండగ, ప్రక్కన నిలిచిన అయిదవ తరగతి బాలిక యొకతె పిల్లల వరుసవైపు వ్రేలు చూపి, "తాతగారూ, వీళ్ళంతా ఎవరు?" అని నన్నడిగెను. నేను ఇద్దరిని మాత్రమే గుర్తింపగలిగితిని. "మరి ఫొటో తీసిందెవరు?" అని ఆమె రెండవ ప్రశ్న వేసెను. పట్టణమునుండి ఎవరినో పిలిపించితిమన్నంతవఱకే నాకు జ్ఞాపకము. ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసమునకు మూలము.

ఛాయాచిత్రములలో పిల్లలు మొదటినుండియు కనుపించుచునే యున్నారు. కాని కెమేరాకు వెనుకవైపున పిల్లవాడు ఎప్పుడు నిలిచెను? అతనిని నిలువనిచ్చినవారెవరు? దానివలన లోకమునకు తెలియవచ్చిన క్రొత్త విషయమేమి? ఈ చరిత్రను గ్రామస్థులయెదుట సంగ్రహముగ ఉంచుట నా ఉద్దేశము.

నిశ్చలముగ కూర్చుండవలసిన కాలము

ఛాయాగ్రహణ విద్య మానవునకు లభించి రెండువందల సంవత్సరములు కావచ్చినది. ఫ్రాన్సు దేశీయుడగు నీసెఫోర్ నియెప్సు 1826-27 ప్రాంతమున తన యింటి కిటికీనుండి కనుపించు గోడలను, కప్పులను ఒక లోహఫలకముపై నిలుపగలిగెను. అందులకు అనేక గంటల ఎండ కావలసివచ్చినది. అతని భాగస్వామియైన డాగేరు వెండిపూత గల రాగిరేకుపై చిత్రమును నిలుపు పద్ధతిని సాధింపగా, దాని వివరములు 1839 ఆగష్టు 19వ తేదీన పారిసు నగరమున లోకమునకు వెల్లడింపబడినవి. అదే కాలమున ఇంగ్లండులో ఫాక్స్ టాల్బటు కాగితముపై నెగెటివును తీసి, దానినుండి ఎన్ని ప్రతులనైనను అచ్చువేసికొను మార్గమును చూపెను. తరువాతి నూరేండ్లకు పైబడిన ఫిల్ము ఛాయాగ్రహణమంతయు టాల్బటు వేసిన బాటలోనే నడచినది.

డాగేరు 1838లో పారిసు నగరపు ఒక రాజవీథిని తన యింటి పైభాగమునుండి చిత్రించెను. ఆ వీథిలో బండ్లును, జనులును నిండియుండిరి గాని పటమున వీథి నిర్జనముగ కనుపించును. కదలిన వేదియు రేకుపై నిలువలేదు. ఒక మూల మాత్రము ఒక మనుష్యాకారము గోచరించును. ఆతడు బూట్లకు మెఱుగు పెట్టించుకొనుచు కొంతసేపు ఒక కాలిపై కదలక నిలిచియుండుటచే చిత్రమునకు దక్కెను. ఛాయాచిత్రమున మొట్టమొదట కనుపించిన మనుష్యులలో అతనిని పేర్కొందురు. అతని బూట్లు తుడుచుచున్నవాడు చేతులు కదలించుచుండుటచే మసకయై పోయెను. ఈ బూట్లు తుడుచువానిని పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. మఱల అతని ప్రస్తావన రాగలదు.

కదలనివారే పటమున నిలుతురనిన, పిల్లల గతియేమి? తొలి దశాబ్దములలో పెద్దవారి శిరస్సు కదలకుండ వెనుకనుండి ఇనుప ఆధారము నొకదానిని ఆనించెడివారు. పసిబిడ్డల విషయమున మఱియొక యుపాయము చేసిరి. తల్లిని కుర్చీలో కూర్చుండబెట్టి, ఆమెను నిలువెల్ల ఒక గుడ్డతో కప్పి, ఆమె యొడిలో బిడ్డను ఉంచెడివారు. పటమున బిడ్డ మాత్రమే కనుపించును. తల్లి కుర్చీపై కప్పిన తెరవలె నుండును. అట్టి పటములు నేటికిని పాశ్చాత్య దేశములలో అనేకము నిలిచియున్నవి. గుడ్డ మడతల క్రింద తల్లి చేతుల ఆకారమును పోల్చుకొనవచ్చును.

మన దేశమున

ఈ విద్య భారతదేశమునకు వచ్చుటకు ఆలస్యము కాలేదు. 1840లోనే కలకత్తా పత్రికలలో ఈ యంత్రముల అమ్మకపు ప్రకటనలు వెలువడినవి. 1854లో బొంబాయిలోను, 1856లో కలకత్తా, మద్రాసు నగరములలోను ఛాయాగ్రాహకుల సంఘములు ఏర్పడెను. మద్రాసున డాక్టరు అలెగ్జాండరు హంటరు 1850లో నెలకొల్పిన కళాపాఠశాలలో, ఆ దశాబ్దముననే, చిత్రలేఖనాది విద్యలతోపాటు ఛాయాగ్రహణమును నేర్పిరి. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడు మద్రాసు రాజధానిలోనివే యగుటచే, తెలుగువారికి ఈ విద్య పాఠశాల గడపదాక వచ్చినదనవచ్చును. కాని అది వయోజనులకు, వృత్తి నేర్చుకొనువారికి సంబంధించిన విద్య.

హైదరాబాదు రాజ్యమున లాలా దీనదయాళు పేరు వినని పెద్దలుండరు. 1844లో మీరటు సమీపమునగల సర్ధనలో జన్మించి, ఇంజనీరింగు చదివి, ఛాయాగ్రహణమున ఆసక్తి గలవాడై, ఆఱవ నిజాము మహబూబ్ ఆలీఖాను ఆస్థానమున ఛాయాచిత్రకారుడై, రాజా బిరుదమును పొంది, 1905లో దివంగతుడయ్యెను. ఆయన 1892లో హైదరాబాదున ఘోషా స్త్రీలకొఱకు ప్రత్యేకముగ ఒక చిత్రశాలను నెలకొల్పెను. అందు చిత్రములు తీయు బాధ్యతను ఒక ఆంగ్ల స్త్రీకి అప్పగించెను. పురుషుడు కెమేరా పట్టినంతకాలము పటమునకు ఎక్కని ముఖములు, స్త్రీ కెమేరా పట్టగనే పటమునకు ఎక్కినవి. కెమేరా ఎవరి చేతిలో నున్నదో దానినిబట్టియే ఏది చిత్రింపబడగలదో నిర్ణయమగును. పిల్లల విషయమున ఈ సత్యమును గ్రహించుటకు లోకమునకు ఇంకను కాలము పట్టినది.

ఒక డాలరు పెట్టె

అమెరికాలోని రోచెస్టరు నగరవాసి జార్జి ఈస్ట్‌మన్ 1888లో కోడక్ అను కెమేరాను విడుదల చేసెను. వెల 25 డాలర్లు. అందు నూఱు చిత్రములకు సరిపడు చుట్ట అమర్చబడియుండును. చిత్రములన్నియు తీసిన పిమ్మట కెమేరానే కర్మాగారమునకు పంపిన, వారు వానిని అచ్చువేసి, క్రొత్త చుట్టను అమర్చి త్రిప్పి పంపెడివారు. అంతవఱకు గాజుపలకలు, రసాయనములు, చీకటి గుడారము మోయలేనివాడు ఈ విద్య జోలికి పోజాలకుండెను. ఆ బరువు దీనితో తగ్గినది. అయినను 25 డాలర్లు సామాన్యులకు అందునది కాదు.

1900 ఫిబ్రవరిలో అదే సంస్థ బ్రౌనీ యను చిన్న పెట్టెను విడుదల చేసెను. ఫ్రాంక్ బ్రౌనెల్ దానిని రూపొందించెను. ఆ కాలపు బాలబాలికలకు పామర్ కాక్స్ అను చిత్రకారుని కథలలోని బ్రౌనీలనెడి చిట్టి దయ్యములు సుపరిచితములు గనుక ఆ పేరును ఉంచిరి. అట్టతో చేసి, తోలువలె కనుపించు కాగితమును అంటించిన ఆ పెట్టె వెల ఒక్క డాలరు; ఆఱు చిత్రముల ఫిల్ము చుట్ట 15 సెంట్లు. గురి చూచుకొనుటకు అద్దము సైతము లేదు. పెట్టె పైభాగమున గీసిన రెండు గీతల వెంబడి చూచి దిక్కు కుదుర్చుకొనవలెను. మొదటి సంవత్సరముననే లక్షకు పైగా పెట్టెలు అమ్ముడుపోయెను. పిల్లలకై బ్రౌనీ సంఘమును ఏర్పఱచి, పోటీలు పెట్టి బహుమతులిచ్చిరి. కెమేరా పిల్లలదనుమాట లోకమున మొదటిసారి వినవచ్చినది అప్పుడే.

పిల్లల కంటికి గల శక్తికి నిదర్శనములు కొన్ని అచిరకాలముననే లభించినవి. 1894లో ఫ్రాన్సున జన్మించిన జాక్ హెన్రీ లార్టీగు ఎనిమిదేండ్ల ప్రాయమున తండ్రి యిచ్చిన కెమేరాతో తన యింటివారి పరుగులను, గంతులను, తొలినాటి మోటారు బండ్లను, విమానములను చిత్రించెను. ఎగురుచున్న మనుష్యులు, గాలిలో నిలిచిన బంతులు అతని పటములనిండ కనుపించును. పెద్దలు పిల్లలను కదలవద్దని శాసించిన యంత్రముతోనే ఈ బాలుడు కదలికను పట్టెను! ఆ చిత్రములను న్యూయార్కు నగరపు ఆధునిక కళామందిరమువారు 1963లో ప్రదర్శించునప్పటికి లార్టీగు వయస్సు దాదాపు డెబ్బది. అమెరికా పర్వతారణ్యముల చిత్రములకు ప్రసిద్ధుడగు ఆన్సెల్ ఆడమ్సు సైతము 1916లో, పదునాలుగేండ్ల ప్రాయమున, ఒక బ్రౌనీ పెట్టెతోనే ఆరంభించెను.

అయినను ఒకమాట చెప్పకతప్పదు. బ్రౌనీ వలన పిల్లలకు యంత్రము లభించినది గాని విద్య లభింపలేదు. మీట నొక్కుట పిల్లవాని పని, తక్కినదంతయు కర్మాగారపు పని. ఈస్ట్‌మన్ ఉద్దేశమున పెట్టె చౌకయైన కొలది ఫిల్ము ఎక్కువ ఖర్చగును. లాభమంతయు ఫిల్ములోనే కలదు. డాలరు లేని ఇంటి పిల్లవాడు యథాప్రకారము కెమేరాకు ముందువైపుననే మిగిలెను.

మన దేశమున 1960ల నుండి కొన్ని దశాబ్దములపాటు మధ్యతరగతి ఇండ్లలో అగ్ఫా క్లిక్-3 అను కెమేరా కనుపించెడిది. బరోడాలో తయారైన ఆ నల్లని పెట్టె చుట్టకు పండ్రెండు చిత్రములను తీసెడిది. దానిలో వేయు 120 అంకెగల ఫిల్ము 1901లో రెండవ బ్రౌనీ కొఱకు పుట్టిన కొలతయే. 1960లో ఉదకమండలమున ప్రభుత్వము స్థాపించిన హిందూస్థాన్ ఫొటో ఫిల్ముల కర్మాగారము 1967లో ఉత్పత్తి ప్రారంభించిన తరువాత ఇందు అను స్వదేశీ ఫిల్ము బజారులోనికి వచ్చినది. నా బాల్యమున మా బంధువుల యింట నొక క్లిక్ కెమేరా యుండెను. అది బీరువాలో పట్టుచీరల మధ్య, తాళము క్రింద ఉండెడిది. పెండ్లికో, తిరుపతి ప్రయాణమునకో వెలికివచ్చెడిది. పండ్రెండు చిత్రములలో ఒకటి వృథాయైనను పెద్దలు నొచ్చుకొనెడివారు గనుక పిల్లలెవ్వరు దానిని తాకరాదు. మేము వరుసగ నిలిచి, ఎండకు కండ్లు చిట్లించుకొని, ఊపిరి బిగపట్టుకొని యుండెడివారము. గుడ్డకప్పుకొన్న తల్లుల కాలమునకును మా కాలమునకును ఈ విషయమున గల భేదము స్వల్పము.

లిమా నగరపు మేకు

1973లో దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున ప్రభుత్వము ఒక అక్షరాస్యతా కార్యక్రమమును చేపట్టెను. బ్రెజిలు దేశపు విద్యావేత్త పాలో ఫ్రయిరే బోధించిన మార్గము దానికి ఆధారము. చదువు నేర్చుకొనువారిలో అనేకులకు రాజభాషయగు స్పానిషు మాతృభాష కాదు. కావున ఆ కార్యకర్తలు ప్రజల చేతికి కెమేరాలనిచ్చి, తాము మాటలతో ప్రశ్నలడిగి, సమాధానములను ఛాయాచిత్రములుగ తెమ్మనిరి. "మీరెక్కడ నివసించుచున్నారు?" అనునది యొక ప్రశ్న. "దోపిడి యనగానేమి?" అనునది మఱియొకటి. ఈ వృత్తాంతమును అందు పాల్గొన్న నాటకకర్త అగస్టో బోల్ తన గ్రంథమున వ్రాసియున్నాడు.

దోపిడిని గూర్చిన ప్రశ్నకు కొందఱు అంగడివాని పటమును, కొందఱు ఇంటి యజమాని పటమును తెచ్చిరి. లిమా నగరపు బాలుడొకడు మాత్రము గోడకు దిగగొట్టిన ఒక మేకు పటమును తెచ్చెను. పెద్దలకు అందలి భావము బోధపడలేదు. కాని అక్కడ కూర్చున్న తక్కిన పిల్లలందఱును అది సరియైన సమాధానమేయని ఏకకంఠముగ పలికిరి. విచారింపగా తెలిసినదిది. అక్కడి పేదపిల్లలు అయిదాఱేండ్ల వయస్సునుండియే నగరమునకు పోయి బూట్లు తుడిచి జీవించుచుండిరి. వారి వాడలలో బూట్లు తొడిగినవారే లేనందున ఎంతో దూరము నడచి నగరమధ్యమునకు పోవలసియుండెను. తుడుపు సామగ్రి గల బరువైన పెట్టెను ఉదయము మోసికొనిపోయి సాయంకాలము తిరిగి మోసికొనివచ్చుట వారికి శక్యము కాదు. కావున అంగళ్ళ గోడలకుగల మేకులను అద్దెకు తీసికొని రాత్రులు పెట్టెలను వానికి తగిలించెడివారు. పిల్లవాడు మేకునకు అద్దె చెల్లించుచుండెను!

డాగేరు పటమున మసకయై పోయిన బూట్లు తుడుచువాడు, నూటముప్పదియైదు సంవత్సరముల తరువాత, తానే కెమేరా పట్టి మాటాడిన ఘట్టమిది. ఎంతటి నేర్పరియైన ఛాయాగ్రాహకుడు వచ్చినను ఆ బాలుని మాసిన ముఖమును, నల్లబడిన వ్రేళ్ళను చిత్రించి మెప్పు పొందియుండును. మేకును చిత్రింపవలెనని అతనికి తోచియుండదు. ఆ జీవితమును బ్రతికినవాని కంటికే ఆ మేకు కనుపించినది. పిల్లలకు కెమేరా ఎందుకని ఎవరైన ప్రశ్నించిన, నేను ఈ వృత్తాంతమును చెప్పి ఊరకుందును.

కొండలలోని బడులు

ఛాయాగ్రహణమును ప్రాథమిక పాఠశాలలో క్రమముగ ఒక విద్యగా బోధించినవారిలో అమెరికా దేశీయురాలగు వెండీ ఈవాల్డు ముఖ్యురాలు. 1951లో జన్మించిన ఈమె 1975 మొదలు 1982 వఱకు కెంటకీ రాష్ట్రపు బొగ్గుగనుల కొండప్రాంతమున, చిన్న చిన్న బడులలో, పిల్లలకు ఈ విద్యను నేర్పెను. ఆ కొండలవారి పేదఱికమును చిత్రించుటకు అంతకుముందే బయటివారు అనేకులు వచ్చిపోయిరి. ఈవాల్డు తాను చిత్రించుటకు మాఱుగా పిల్లలకు చవుకయగు చిన్న కెమేరాలను ఇప్పించి, బడిలోనే చీకటిగదిని ఏర్పఱచి, ఫిల్మును కడుగుట, కాగితముపై అచ్చువేయుట కూడ వారిచేతనే చేయించెను. బ్రౌనీ పెట్టె ఇయ్యని విద్య ఇక్కడ లభించినది.

ఆమె పాఠములకు కొన్ని విషయములు నియమములు. మొదట నిన్ను నీవు చిత్రించుకొనుము. పిమ్మట నీ కుటుంబమును, నీ పశువులను చిత్రింపుము. కడపట నీ కలలను చిత్రింపుము. కలలను చిత్రించుట యెట్లని పెద్దలు సందేహింతురు. పిల్లలు సందేహింపలేదు. తమ్ముని చెట్టుకొమ్మల నడుమ నిలిపి, తాము నేలపై పడుకొని, తమకు వచ్చిన పీడకలలను వారు నటించి చూపిరి. ప్రతి పటమునకు తోడుగ ఆ పిల్లలు చెప్పిన మాటలను చేర్చి ఆమె 1985లో ఒక గ్రంథమును వెలువరించెను. ఆ పిల్లలే పెద్దవారైన తరువాత ఆనాటి పటములను గూర్చి మాటాడిన చలనచిత్రమొకటి 2020లో వెలువడినది.

మనకు ఇంకను సన్నిహితమైన విషయమొకటి కలదు. ఈవాల్డు 1989-90లో గుజరాతు రాష్ట్రమునకు వచ్చి, విచ్యా యను పల్లెటూరిలో నివసించి, అక్కడి వేర్వేరు కులముల పిల్లలకు కెమేరా పట్టుట నేర్పెను. పొలములు, పశువులు, పెండ్లిండ్లు, బావి చెంతలు, ఇండ్లలో పనిచేయు తల్లులు ఆ పిల్లల పటములకెక్కిరి. ఆ పల్లె కథ 1996లో పుస్తకరూపమున వచ్చినది.

కెంటకీలో నేర్చినదానిని ఆమె నార్తు కెరొలైనాలోని డర్హము నగరపు పాఠశాలలలో ఇంకొక మెట్టు ఎక్కించెను. అక్కడ ఛాయాగ్రహణము వ్రాతకు సోపానమయ్యెను. వ్రాయుమనిన కలము కదలని పిల్లవాడు, తాను తీసిన పటమును ఎదుట పెట్టుకొనిన వెంటనే వ్రాయనారంభించునని ఉపాధ్యాయులు గమనించిరి. చెప్పవలసిన సంగతి అతని యెదుట నున్నది. ఎవ్వరికిని తెలియనిది తనకు తెలియునను ధైర్యము అతనికి కలుగును. ఈ బోధనాపద్ధతిని వివరించు ఉపాధ్యాయ గ్రంథము 2001లో వెలువడినది.

రెండువైపుల పదును

ఈ మార్గమున తరువాత పలువురు నడచిరి. 1989లో వాషింగ్టను నగరమున జిమ్ హబ్బర్డు అను పత్రికా ఛాయాగ్రాహకుడు నిలువనీడలేని కుటుంబముల పిల్లలకు ఈ విద్యను నేర్పెను. 1991లో నాన్సీ మెక్‌గర్ అను ఆమె గ్వాటిమాలా నగరపు చెత్తదిబ్బలపై బ్రతుకు ఆఱుగురు పిల్లలతో ఆరంభించిన పని పెద్ద శిక్షణసంస్థగా పెరిగెను. మన కలకత్తాలోని సోనాగచ్చి ప్రాంతమున, వేశ్యావాటికలలో పెరుగుచున్న పిల్లలకు జానా బ్రిస్కీ యను ఛాయాగ్రాహకురాలు కెమేరాలనిచ్చి పాఠములు చెప్పెను. దానిని గూర్చి తీసిన చలనచిత్రము 2004లో వెలువడి మఱుసటి సంవత్సరము ఆస్కారు బహుమానమును పొందెను.

ఈ చలనచిత్రమును మెచ్చినవారెందఱో తప్పుపట్టినవారును అందఱు గలరు. ఆ పిల్లల తల్లులను గూర్చియు, అక్కడి స్త్రీలు తామే సంఘముగా ఏర్పడి తమ పిల్లలకొఱకు చేయుచున్న కృషిని గూర్చియు అందు తగినంత చెప్పలేదని వారి ఆక్షేపణ. పిల్లల ముఖములు లోకమంతట తెలిసిపోవుట వారికి మేలా కీడా యను ప్రశ్నయు వచ్చినది. నాకు ఈ ఆక్షేపణలు త్రోసివేయదగినవిగ తోచవు. పిల్లలు తీసిన పటము పిల్లలదే. దానిని ఎవరు చూడవచ్చునో, ఎక్కడ వేలాడదీయవచ్చునో వారిని, వారి తల్లిదండ్రులను అడిగి నిర్ణయింపవలెను. కెమేరా ఇచ్చినవాడు దాతయై, పట్టినవాడు యాచకుడై మిగిలిన, కెమేరా వెనుకకు పిల్లవాడు వచ్చినట్లు కాదు. ఈ హెచ్చరికను గ్రహించియే మనము ఈ పనికి పూనుకొనవలెను.

మనము చేయదగినది

కాలము మాఱినది. ఫిల్ము లేని కెమేరాను 1975లో కోడక్ సంస్థలోనే స్టీవెన్ శాసన్ అను యువ ఇంజనీరు నిర్మించెను. 2000 ప్రాంతమున జపానులో టెలిఫోనులోనే కెమేరా ఇమిడినది. 2012లో కోడక్ సంస్థ దివాలా రక్షణ కోరవలసివచ్చెను. ఉదకమండలపు కర్మాగారము మూతబడినది. క్లిక్ పెట్టెలు అటకలెక్కినవి. నేడు మన గ్రామమున పలక లేని ఇల్లు కలదేమో గాని కెమేరాగల ఫోను లేని ఇల్లు అరుదు. ఒక్క చిత్రము వృథాయగునను భయము పోయినది. కాని దానితోపాటు ఒక్క చిత్రము తీయుటకుముందు చూచెడి చూపును పోవుచున్నది. పిల్లలు ఫోనులో ఇతరులు చేసినవానిని గంటల తరబడి చూచుచున్నారు. తాము చేయుట తక్కువ. కనుక నేటి సమస్య యంత్రము లేకపోవుట కాదు, విద్య లేకపోవుట.

ఆ విద్యకు పెద్ద వ్యయము అక్కఱలేదు. మొదటి పాఠమునకు కెమేరాయే అక్కఱలేదు. అట్టపెట్టెకు ఒకవైపున సూదితో బెజ్జము చేసి, ఎదుటివైపున నూనె పూసిన పలుచని కాగితమును అంటించి, తలపై దుప్పటి కప్పుకొని చూచిన, ఎండలోనున్న చింతచెట్టు ఆ కాగితముపై తలక్రిందులుగ కనుపించును. కాంతికిరణములు సరళరేఖలో పయనించును గనుక చెట్టు కొననుండి వచ్చినవి క్రిందికిని, మొదటినుండి వచ్చినవి పైకిని చేరును. వేయి సంవత్సరముల క్రిందట అరబ్బు పండితుడు ఇబ్న్ అల్-హైతం చీకటిగదిలోనికి సన్నని రంధ్రముగుండ వచ్చు కాంతిని పరిశోధించెను. సూదిబెజ్జపు పెట్టె మన పాఠ్యపుస్తకములలో కలదు. చదివి విడిచిపెట్టక చేయించుటయే కావలసినది.

రెండవ పాఠము సూర్యముద్రలు. 1842లో జాన్ హెర్షెల్ కనుగొన్న నీలిముద్రల పద్ధతిలో, మందు పూసిన కాగితముపై ఆకునుంచి ఎండలో పెట్టి నీటిలో కడిగిన, నీలిరంగు నడుమ తెల్లని ఆకు నిలుచును. ఆన్నా ఆట్కిన్సు అను ఆంగ్ల వనిత 1843లో ఈ పద్ధతితోనే సముద్రపు నాచుల పుస్తకమును ప్రారంభించెను. మందు కలుపుటయు, పూయుటయు ఉపాధ్యాయుడే చేసి, తక్కినది పిల్లలకు విడువవచ్చును. వేప, కానుగ, రావి ఆకులతో మన పిల్లలును ఒక పుస్తకమును కట్టగలరు.

మూడవ పాఠము అట్టచట్రము. పోస్టుకార్డు పరిమాణపు అట్టలో దీర్ఘచతురస్రాకారపు కంత కోసి, దానిని కంటికి దగ్గఱగను, దూరముగను పట్టుకొని చూడుమనవలెను. దేనిని లోపలికి రానీయవలెను, దేనిని వెలుపల విడువవలెను అను వివేకము దీనివలన కలుగును. పిల్లవాని కన్ను పెద్దవాని నడుమెత్తున నుండును. మంచము అడుగున పడుకొన్న పిల్లి, ఎద్దు మూతి, పొయ్యిలోని నిప్పు అతనికి సూటిగ కనుపించును. అతనిని పీట యెక్కించి మన యెత్తునుండి చూపింపబోవుట పొరపాటు.

నాలుగవది లెక్క. ఫోనులో వేలకొలది చిత్రములు పట్టునని తెలిసియు, వారమునకు పండ్రెండు మాత్రమే యని నియమము పెట్టవలెను. ఉదయపు ఏటవాలు వెలుగును, మధ్యాహ్నపు నిట్టనిలువు ఎండను, అరుగుమీది నీడను పోల్చి చూచి తీయవలెను. అయిదవది అనుమతి. ఎదుటివారిని అడుగక తీయరాదు. వలదన్నవారి పటమును తీయరాదు. తీసినది వారికి చూపకుండ ఇతరులకు పంపరాదు. ఈ మర్యాద పిల్లలకన్న ముందు పెద్దలు నేర్వవలసియున్నది. ఆఱవది వ్రాత. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమి చేయుచుండగ, ఎవరు తీసిరి అను అయిదు సంగతులు లేని పటము సగము పటమే.

ఈ పనికి గ్రంథాలయమునకును సంబంధమేమని అడుగవచ్చును. 1935లో కృష్ణా డెల్టా కాలువలపై పడవలో గ్రంథములను వేసికొని ఊరూర పంచిన పాతూరి నాగభూషణముగారు గ్రంథాలయమనగా నాలుగు గోడలు కాదని మనకు చూపిరి. చదువువారి యొద్దకు పుస్తకములు పోయినట్లే, ఊరివారి యొద్దనుండి ఊరి జ్ఞాపకములు గ్రంథాలయమునకు రావలెను. మన మగ్గములు, మన ఏతపు బావులు ఎట్లుండెనో చెప్పగలవారు ఏటేట తగ్గిపోవుచున్నారు. ఫోనులోని పటములు ఫోనుతోపాటే నశించును. కాగితముపై అచ్చువేసి, అయిదు సంగతులను వ్రాసి, ఆల్బములలో భద్రపఱచిన, మఱి యిరువదియైదేండ్లకు అది మన గ్రామ చరిత్రయగును. తాత మాటలను మనుమరాలు వ్రాసికొని, ఆయన చేతులను చిత్రించు పనికన్న గొప్ప పాఠము ప్రాథమిక పాఠశాలలో మఱేమి కలదు?

కార్యవర్గమువారికి నా విన్నపము స్వల్పము. ఈ వేసవి సెలవులలో, మూడవ తరగతి మొదలు అయిదవ తరగతి వఱకు చదువు పిల్లలకు, వారమున రెండు సాయంకాలములు, గ్రంథాలయ వసారాలో ఈ ఆఱు పాఠములు చెప్పింతురుగాక. వాడుకలోలేని పాత ఫోనులను సభ్యులు ఇచ్చినచో ఇంకేమియు కొననక్కఱలేదు. ఒక బీరువా అఱయు, ఒక రిజిస్టరును ఆ పటములకు కేటాయింతురుగాక.

రజతోత్సవ దినమున మఱల ఒక పటము తీయించుట ఆచారము. కుర్చీలలో పెద్దలు కూర్చుందురు. వారి పాదముల చెంత పిల్లలు కూర్చుందురు. ఆ పటమును నన్ను ప్రశ్నించిన బాలికచేతనే తీయింపవలెనని నా కోరిక. క్రింద అందఱి పేర్లను, నేలపై కూర్చున్నవారి పేర్లతో సహా వ్రాయవలెను. చివర తీసినవారి పేరు వ్రాయవలెను.

పాత పటములోని పదకొండుగురిలో ఇద్దఱిని గుర్తించితినని మొదటనే చెప్పితిని. తక్కిన తొమ్మండుగురు ఇప్పుడు ముప్పది దాటిన స్త్రీపురుషులై ఎక్కడనో యుందురు. కొందఱు ఈ సంచికను చదువుచునే యుండవచ్చును. పఠనమందిరమునకు వచ్చి, పటమును చూచి, తమ పేరును చెప్పి పోవలసినదిగ వారిని ప్రార్థించుచున్నాను. పటము ప్రక్కన కాగితమును, కలమును ఉంచితిమి.